పైకి చూస్తే అవును

ముందు కాలివేళ్లు తిమ్మిరెక్కాయి. 2023 వానాకాలం అది. కొద్ది రోజుల ముందే విరేచనాలు పట్టుకుని తగ్గాయి కాబట్టి ఆ నీరసమే అనుకున్నాను. మేముండేది నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో, హాస్టళ్ల సందులో, మూడో అంతస్తు. ఆఫీసు నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే మధ్యలో మోకాళ్లు నిలవలేదు. మర్నాడు జడ వేసుకుందామంటే చేతులు భుజం దాటి లేవలేదు. ఆ సాయంత్రం మంచినీళ్లు తాగబోతే ముక్కులోంచి బయటికి వచ్చాయి. మా ఆయన నన్ను ఎత్తుకుని కిందికి దింపి, దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

వెన్నులో నీరు తీశారు. నరాల పరీక్ష చేశారు. గులియన్ బారీ సిండ్రోమ్ అన్నారు. ఆ పేరు అప్పటికి నేను వినలేదు. 2025 జనవరిలో పుణెలో వందకు పైగా మందికి ఒకేసారి వచ్చాక పేపర్లన్నీ రాశాయి గానీ, మామూలుగా అయితే ఏడాదికి లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు ఇది. ఏదో ఇన్‌ఫెక్షన్ మీద పోరాడాల్సిన రోగనిరోధక శక్తి దారి తప్పి మన నరాల మీదే పడుతుంది. కాళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. జబ్బు పడ్డవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి ఊపిరి కండరాలు కూడా పడిపోయి వెంటిలేటర్ అవసరమవుతుంది. మెదడుకు మాత్రం ఏమీ కాదు. వినికిడి, నొప్పి, భయం, సిగ్గు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే ఉంది.

మొదటి రాత్రి గంట గంటకూ ఒక సిస్టర్ వచ్చి, ఒకే ఊపిరిలో ఎంత దాకా లెక్కపెట్టగలనో చూసింది. ఒకటి, రెండు, మూడు అని గట్టిగా చెప్పమనేది. ఊపిరితిత్తుల బలం తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేని పరీక్ష అట. లెక్క తగ్గుతూ వచ్చింది. తెల్లవారేసరికి పది దాటలేకపోయాను. "గొంతులో గొట్టం వేస్తాం, మీరు నిద్రపోతారు" అని డాక్టర్ చెప్పారు. మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత ఏమీ గుర్తులేదు.

మెలకువ వచ్చేసరికి చీకటి. కళ్లు తెరవాలని చూశాను. ముఖం కండరాలు కూడా పడిపోయాయి కాబట్టి రెప్పలు పూర్తిగా మూసుకోవు, తెరుచుకోవు. నల్లగుడ్డు ఎండిపోకుండా జెల్ వేసి పైన ప్లాస్టర్ అంటించారని ఆ తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నాకు తెలిసిందల్లా ఒకటే. నేను ఉన్నాను, చూపు లేదు, వేలు కదలదు, నోట్లో గొట్టం. చుట్టూ గొంతులు.

"సెడేషన్ తగ్గించారు కదా, ఇంకా లేవట్లేదా?"

"లేదు. రెస్పాన్స్ లేదు."

ఎవరో వేలి కణుపులతో నా రొమ్ముటెముక మీద గట్టిగా రుద్దారు. నొప్పి నెత్తికెక్కింది. అరిచాను. ఏ శబ్దమూ రాలేదు. చెయ్యి ఎత్తాను. ఎత్తానని నేననుకున్నాను, చెయ్యి పరుపు మీదే ఉంది. "చూశావా, రెస్పాన్స్ లేదు" అని మళ్లీ అన్నారు. గోళ్ల మీద పెన్ను పెట్టి నొక్కారు. అదీ అంతే. ఈ జబ్బు బాగా ముదిరితే పైకి కోమాలాగే కనిపిస్తుందని డాక్టర్లకు పుస్తకాల్లో ఉందట. ఆ మంచం దగ్గర నిలబడ్డవాళ్లకు అది ఆ క్షణంలో తోచలేదు.

ఆ చీకట్లో నన్ను ఎక్కువ భయపెట్టింది సక్షన్. గొట్టంలో చేరిన కఫాన్ని తీయడానికి సన్నటి పైపు లోపలికి దింపి లాగుతారు. లాగినంతసేపూ ఊపిరి అందదు. అది చెయ్యకపోతే మనిషి బతకడు, అది నాకు తెలుసు. కానీ ఏ మాటా లేకుండా, ఏ చప్పుడూ లేకుండా హఠాత్తుగా పైపు దిగేది. ఎప్పుడు మొదలవుతుందో తెలియదు, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ప్రతిసారీ ఇదే చావు అనుకునేదాన్ని. గ్లౌజులు తొడుక్కునే చప్పుడు వింటే చాలు, గుండె వేగం పెరిగేది. మానిటర్ మోగేది. మోగితే అలారం ఆపేవాళ్లు.

అలా ఎన్ని రోజులు గడిచాయో ఇప్పటికీ నేను లెక్క అడగలేదు. ఒక రాత్రి ఒక కొత్త గొంతు నా చెవి దగ్గర వినబడింది.

"అక్కా, నేను ఈ రాత్రి మీ సిస్టర్‌ని. కళ్ల ప్లాస్టర్ తీస్తున్నా. చుక్కలు వెయ్యాలి. కొంచెం లాగినట్టు ఉంటది."

ప్లాస్టర్ తీసింది. ట్యూబులైటు వెలుతురు, దాని కింద మాస్కు పైన రెండు కళ్లు. చుక్కలు వేసి, మళ్లీ మూయబోయి ఆగింది. నా కళ్లు ఆమె చేతి వెంట తిరగడం చూసింది. "అక్కా, నా మాట వినబడితే పైకి చూడండి" అంది. చూశాను. "మళ్లీ ఒకసారి." చూశాను. "ఇప్పుడు గోడ వైపు." గోడ వైపు చూశాను. ఆమె డ్యూటీ డాక్టర్‌ని పిలవడానికి పరిగెత్తింది. ఆయన వచ్చేలోపు కళ్లు ఎండిపోకుండా ఇంకొన్ని చుక్కలు వేసి పోయింది, అదీ నాకు చెప్పే వేసింది.

ఆమెది భద్రాచలం వైపు ఊరు. స్పృహలో లేదని రాసి ఉన్న మనిషికి తనను పరిచయం చేసుకోవడం ఎక్కడ నేర్చుకున్నావని నేను కోలుకున్నాక అడిగాను. కరోనా కాలంలో అంది. 2020లో గచ్చిబౌలి క్రీడా గ్రామం భవనంలో టిమ్స్ ఆసుపత్రి తెరిచినప్పుడు అక్కడ చేరిందట. నర్సులందరూ తల నుంచి కాలి దాకా ఒకే సూటు, ఎవరెవరో తెలియదు. పేషెంట్ల దగ్గర సొంత మనుషులు ఉండరు. "మేం నోరు తెరిచి చెప్పకపోతే వాళ్లకి మనుషులే లేరు కదక్కా" అంది.

ఆ రాత్రే ఆమె ఒక తెల్లకాగితం మీద స్కెచ్‌పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసి మంచం తలవైపు గోడకు అంటించింది. 'పేషెంట్‌కు పూర్తి స్పృహ ఉంది. అన్నీ వింటారు. పైకి చూస్తే అవును. పక్కకు చూస్తే కాదు. కళ్లకు పగలు ప్లాస్టర్ వద్దు, గంటకోసారి చుక్కలు.' కింద ఇంగ్లిషులోనూ అదే రాసింది, తెలుగు చదవలేని సిస్టర్ల కోసం. వైద్యంలో నాకు అందినవాటిలో ఐవీఐజీ ఇంజెక్షన్లు గొప్పవి. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీస్తారు వాటిని. ఐదు రోజుల కోర్సుకే ఇన్సూరెన్స్‌లో పెద్ద వాటా పోయింది. ఆ కాగితాన్ని నేను వాటి పక్కనే పెడతాను.

ప్రశ్న అడగడంలో ఎంత పని ఉంటుందో మంచం మీద నుంచి తెలిసింది. "నొప్పిగా ఉందా, దాహంగా ఉందా?" అని ఒకే ఊపులో అడిగితే నేనేం చెప్పాలి? పైకి చూస్తే ఏదానికి అవును? "ఏం కావాలి మేడమ్?" అనేది ఇంకా కష్టం. భద్రాచలం సిస్టర్ ఒక వరస పెట్టుకుంది. నొప్పి ఉందా? ఉంది. తలా? మెడా? భుజాలా? చేతులా? నడుమా? కాళ్లా? ఒక్కోటి అడిగి ఆగేది. ఆగడమే ముఖ్యం. నా కళ్లు కదలడానికి కూడా సమయం పట్టేది, అలసిపోయి ఉంటే ఇంకా ఎక్కువ. ఆమె నా ముఖం మీద నుంచి చూపు తిప్పకుండా నిలబడేది. అంతా అయ్యాక చివర్లో తప్పకుండా అడిగేది: "నేను అడగనిది ఇంకేమన్నా ఉందా అక్కా?"

ఆ ప్రశ్నకు ఒకసారి నేను పైకి చూశాను. అప్పుడు మొదలయ్యాయి అక్షరాలు.

అట్ట ముక్క మీద అచ్చులు ఒక వరస, క గ ఒక వరస, చ జ ఒకటి, ట డ ణ, త ద న, ప బ మ, య ర ల వ, చివర శ స హ ళ. ఒత్తు పలికేవన్నీ తీసేసింది. గుణింతాలు, వత్తులు లేవు. ముందు వరస అడుగుతుంది, నేను పైకి చూస్తాను, ఆ తర్వాత వరసలో ఒక్కో అక్షరం. మన వర్ణమాల పలికే చోటును బట్టి వర్గాలుగా కూర్చి ఉండటం వల్ల అందరికీ బళ్లోనే నోటికొచ్చిన వరస అది. చూడకుండా కూడా చెప్పొచ్చు. ఫ్రాన్స్‌లో జాన్ డొమినిక్ బోబీ అనే పత్రికా సంపాదకుడు పక్షవాతంతో ఒక్క కన్ను మాత్రమే ఆడే స్థితిలో, ఎడమ కంటి రెప్పతో అక్షరం అక్షరం చెప్పి పుస్తకం రాయించాడు. అది 1997లో వచ్చింది. ఆయనకు ఎదుటివాళ్లు ఎక్కువగా వాడే అక్షరాలు ముందు వచ్చేలా వరస మార్చి చదివేవాళ్లట. నేను ఆ పుస్తకం సంగతి కోలుకున్నాక తెలుసుకున్నాను. భద్రాచలం సిస్టర్‌కు ఆయన పేరు కూడా తెలియదు.

మొదట చెప్పిన మాట: ద, ప, ట. "దుప్పటా? ఇంకా కప్పాలా?" పక్కకు చూశాను. "తియ్యాలా?" పైకి. ఏసీ చలికి అందరూ జాలిపడి నాకు రెండేసి దుప్పట్లు కప్పుతున్నారు. ఈ జబ్బులో చర్మానికి బట్ట తగిలినా నిప్పు తగిలినట్టు ఉంటుంది. నా పాదాల మీద ఆ దుప్పటి రాత్రీ పగలూ కాలుతోంది. ఆమె దుప్పటి పూర్తిగా తీసెయ్యలేదు. గ్లౌజులు వచ్చే ఖాళీ అట్టపెట్టెను రెండు పక్కలా కోసి, పాదాల మీద గూడులా నిలబెట్టి దాని పైనుంచి కప్పింది. ఆ రాత్రి నిద్రపోయాను.

ఇంకో మాట చెప్పడానికి చాలాసేపు సందేహించాను. ఐసీయూలో పగలు ఉన్న మగ నర్సు మంచివాడే. అయినా ఆయన ముందు చెప్పలేను. రాత్రి దాకా ఆగి, ఆమె చివరి ప్రశ్న అడిగినప్పుడు పైకి చూశాను. న. ల. అంతే, మూడో అక్షరం దాకా పోలేదు. "నెలసరా అక్కా?" అంది చిన్నగా. కర్టెన్లు లాగింది, ఆయమ్మను పిలిచింది, ఇద్దరూ కలిసి శుభ్రం చేశారు. చేస్తున్నంతసేపూ ఏ బట్ట తీస్తున్నారో, ఎటు తిప్పుతున్నారో చెబుతూనే ఉంది. పగలు డ్యూటీకి ఆడ సిస్టర్‌ని వెయ్యమని హ్యాండోవర్‌లో తనే రాసి పెట్టింది. పూర్తిగా పరాధీనమైన ఒంట్లో నాకు కాస్త మర్యాద మిగిలిందంటే అది ఆ రెండక్షరాల వల్ల.

భాష వస్తేనే ఇదంతా సాధ్యమని అనుకోకండి. కేరళ నుంచి వచ్చి కొన్ని నెలలే అయిన ఒక సిస్టర్ ఉండేది. తెలుగు దాదాపు రాదు. ఆమె చేసే సక్షన్‌కు నేను భయపడేదాన్ని కాదు. మా అమ్మను అడిగి పది దాకా అంకెలు నేర్చుకుంది. పైపు నాకు కనబడేలా పట్టుకుని, "అక్కా, సక్షన్" అని, నా కళ్లు పైకి లేచే దాకా ఆగి, దింపుతూ ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టేది. పది, పదిహేను సెకన్లకు మించి సక్షన్ చెయ్యకూడదనేది వాళ్ల పాఠంలోనే ఉంది. ఆ లెక్క వాళ్లు మనసులో పెట్టుకుంటారు. ఆమె నాకు వినిపించింది. పదికి ఆగిపోతుందని తెలిస్తే ఊపిరి ఆడని పది అంకెలు ఓర్చుకోవచ్చు. ఏడు దగ్గర గుండె వేగం పడిపోతే ఏడుకే ఆపేసేది.

నోటి గొట్టం తీసి మెడకు రంధ్రం చేసి ట్రాకియాస్టమీ పెట్టాక పరిస్థితి మెరుగైంది. ఆ తర్వాతే ఆ రాత్రి వచ్చింది.

గది అవసరమైన ఇంకో పేషెంట్ వచ్చారని సాయంత్రం నా మంచాన్ని హాల్లో అటువైపు చివరకు మార్చారు. మంచం, వెంటిలేటర్, ఇంజెక్షన్ పంపులు అన్నీ వచ్చాయి. గోడ మీది కాగితం గోడ మీదే ఉండిపోయింది. అక్షరాల అట్ట కూడా ఆ గదిలోనే. రాత్రి డ్యూటీకి వేరే ఫ్లోర్ నుంచి వచ్చిన ఒక చిన్న పిల్ల. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి కదా, తిప్పారు. తిప్పడంలో నా కుడి చెయ్యి నడుము కింద ఇరుక్కుపోయింది. మోచెయ్యి మంచం అంచు కడ్డీకి ఒత్తుకుంది.

"మేడమ్, ఓకేనా?" అంది, మానిటర్ వైపు చూస్తూ. పక్కకు చూశాను. గట్టిగా చూశాను, కళ్లు ఎంత తిరిగితే అంత. "ఓకే" అని తనే అనుకుని వెళ్లిపోయింది.

కొంతసేపటికి మోచేతి నుంచి చిటికెనవేలి దాకా కరెంటు పాకినట్టు మొదలైంది. తర్వాత భుజం. ఎదురుగా గడియారం ఉంది. ముల్లు కదలడం చూస్తూ ఉన్నాను. నొప్పికి బీపీ పెరిగింది, గుండె వేగం పెరిగింది, అలారం మోగింది. ఆ అమ్మాయి వచ్చింది. నేను మళ్లీ పక్కకు, పక్కకు చూశాను. ఆమె అలారం ఆపి డ్యూటీ డాక్టర్‌ని పిలిచింది. ఈ జబ్బులో బీపీ, గుండె వేగం వాటంతట అవే ఎగసిపడుతుంటాయి, అది నిజమే. కాబట్టి ఆయనా అదే అనుకున్నారు. బీపీ తగ్గడానికి మందు ఇచ్చారు. మందుకు బీపీ మరీ పడిపోయింది, సెలైన్ ఎక్కించారు. నిద్రకు కూడా ఇంకేదో ఇచ్చారు. ఆ మందు మత్తులోకి జారిపోతూ, చెయ్యి ఇంకా అక్కడే ఉందని నాకు తెలుస్తూనే ఉంది. మూడు మందులు, ఇద్దరు మనుషులు, ఒక రాత్రి. దుప్పటి కింద చెయ్యి పెట్టి నా చేతిని బయటికి లాగడానికి పట్టేది ఒక్క నిమిషం.

పొద్దున డ్యూటీకి వచ్చిన కేరళ సిస్టర్ దుప్పటి ఎత్తి చూసి చెయ్యి తీసింది. వేళ్లు నల్లబడి ఉన్నాయి. ఏమీ మాట్లాడకుండా పాత గదికి వెళ్లి, కాగితం ఊడదీసుకొచ్చి, ఈసారి గోడకు కాకుండా వెంటిలేటర్‌కు అంటించింది. మంచం ఎటు పోతే వెంటిలేటర్ అటే వస్తుంది కదా. నా చిటికెనవేలు, దాని పక్క వేలు ఇప్పటికీ మొద్దుగానే ఉన్నాయి. కీబోర్డు మీద తెలుస్తుంది.

ఆ రాత్రి పిల్ల మీద నాకు కోపం చాలాకాలం ఉండింది. తర్వాత తెలుసుకున్నాను. ఆ రాత్రి ఆమె చేతిలో ముగ్గురు పేషెంట్లు, అందులో ఒకాయన తెల్లవారుజామున చనిపోయాడు. ఐసీయూలో ఒక పేషెంట్‌కు ఒక నర్సు ఉండాలని మన దేశపు నర్సింగ్ ప్రమాణాలే చెబుతాయి. ప్రైవేటు నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు 2016లో ఆదేశిస్తే కేంద్రం కమిటీ వేసింది. ఎంత చిన్న ఆసుపత్రి అయినా నెలకు ఇరవై వేలకు తగ్గకూడదని ఆ కమిటీ చెప్పింది. మా సందులో హాస్టళ్లలో ఉండే నర్సులను అడిగితే అందరూ నవ్వి ఊరుకుంటారు. ముగ్గురిని చూసుకుంటూ, ఒకరు పోతూ ఉంటే, ఇంకొకరి కంటి కదలిక కోసం ఆగి నిలబడమని ఎలా అడగను? కానీ ఆగకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే మనుషులు సరిపడా ఉండాలన్న మాట దగ్గర నేను రాజీ పడలేను. మాట్లాడటం వచ్చిన నర్సుకు మాట్లాడే సమయం ఇవ్వడం ఆసుపత్రి పని.

మా అమ్మది మిర్యాలగూడ. రోజుకు రెండు పూటలా కొద్ది నిమిషాలు లోపలికి రానిచ్చేవాళ్లు. మొదట్లో వచ్చి కాళ్ల దగ్గర నిలబడి ఏడ్చి వెళ్లిపోయేది. "నా బిడ్డకు ఇనబడతదా?" అని అడిగింది ఒకసారి. "మొత్తం వినబడతది పెద్దమ్మా, ఏడవకుండా ఏమన్నా చెప్పండి" అంది భద్రాచలం సిస్టర్. అప్పటి నుంచి అమ్మ మా పాప బడి సంగతులు, ఊళ్లో నాట్లు, ఎవరింట్లో పెళ్లి కుదిరిందో అన్నీ చెప్పేది. పాప టిఫిన్ డబ్బాలో ఏం పెట్టిందో రోజూ చెప్పేది. అదే మంచం దగ్గర ఇంకొకరెవరో బిల్లు అంచనా గురించి, ఇంకా ఎన్నాళ్లు లాగాలి అనే మాట గురించి నా తల మీదుగా మాట్లాడుకున్నారు. రెండూ విన్నాను.

కోలుకోవడం గురించి ఎక్కువ చెప్పను. నెమ్మదిగా జరిగింది. ముందు భుజాలు, తర్వాత చేతులు, ఆఖరికి కాళ్లు. మెడ గొట్టానికి మాట్లాడే వాల్వ్ పెట్టిన రోజు మా ఆయన పేరు కాకుండా "కుడి మడమ మండుతోంది" అన్నాను, ఆయన ఏడ్చాడు. చక్రాల కుర్చీ, వాకర్, ఆ తర్వాత కర్ర. ఇప్పుడు ఆఫీసుకు వెళ్తున్నాను. మెట్లు ఎక్కుతాను, రెండో అంతస్తు దగ్గర ఆగి.

భద్రాచలం సిస్టర్, నేను ఇప్పుడు సెలవు దొరికినప్పుడల్లా కలిసి ఆ అట్టను బాగుచేస్తున్నాం. ముందు వైపు ప్రశ్నల వరస, వెనక అక్షరాలు, మూలకు రంధ్రం చేసి తాడు. గోడకు కాదు, మంచం కడ్డీకే కట్టాలి. లామినేట్ చేయించి తను పనిచేసే వార్డుకు కొన్ని ఇచ్చింది. హిందీది కూడా చేశాం. ఒడియా కావాలంది, ఎందుకంటే చుట్టుపక్కల కడుతున్న టవర్ల మీద పనిచేసే ఒడిశా కూలీలు పడిపోయో, ఉన్నట్టుండి జ్వరం వచ్చో అక్కడికే వస్తారు. ఒడియాకూ ఇదే వర్గాల వరస కాబట్టి గళ్లు మార్చనక్కర్లేదు, అక్షరాలు రాసిచ్చే మనిషి దొరికితే చాలు. మా ఆఫీసులో భువనేశ్వర్ అమ్మాయి ఒకామె రాసిస్తానంది. చదువు రానివాళ్లకు బొమ్మలు పెట్టాలి. మనిషి బొమ్మ ముందు వైపు, వెనక వైపు. గ్లాసు, దుప్పటి, మరుగుదొడ్డి, ఫ్యాను, ఇంటివాళ్లు. నెలసరికి ఏ బొమ్మ వేస్తే మగ నర్సు ముందు కూడా సిగ్గుపడకుండా చూపించగలరో ఇంకా తేల్చుకోలేదు. వచ్చే ఆదివారం ఆయమ్మలను కూర్చోబెట్టి అడుగుదామంది తను.